ఈ పార్కు ఎవరి బాధ్యత?

2021 నవంబరులో ఒక రాత్రి హైదరాబాద్ కేబీఆర్ పార్కు బయటి నడకబాట మీద ఒంటరిగా నడుస్తున్న సినీ నటిపై ఒక దుండగుడు దాడి చేసి, గాయపరిచి, ఫోన్ లాక్కుని పారిపోయాడు. కొద్ది రోజుల్లోనే పోలీసులు నిందితుణ్ణి పట్టుకున్నారు. కేసు వరకు త్వరగానే తేలింది. తేలనిది ఇంకొకటుంది. కేబీఆర్‌లో కంచె లోపలి అడవి అటవీ శాఖది. కంచె బయటి బాట నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీది. ఆ పక్క రోడ్డు మీద వాహనాలను చూసుకునేది ట్రాఫిక్ పోలీసులు. నేరం జరిగాక వచ్చేది స్టేషన్ పోలీసులు. చీకటి పడ్డాక ఆ బాట మీద దీపాలు వెలుగుతున్నాయా, పొదలు మనిషి ఎత్తు పెరిగాయా, ఒంటరిగా నడిచేవాళ్లు పిలిస్తే పలికే మనిషి ఉన్నాడా అని రోజూ చూసుకునే పని మాత్రం ఇన్ని శాఖల్లో ఏ ఒక్కరిదీ కాదు. నగరం నడిబొడ్డున, పలుకుబడి గలవాళ్లు పొద్దున్నే నడకకు వచ్చే పార్కు సంగతే ఇదైతే, ఏ పత్రికా పట్టించుకోని కాలనీ పార్కుల సంగతి ఊహించుకోవచ్చు.

పార్కులో ఏదైనా జరగరానిది జరగ్గానే మనకు తోచే ఉపాయాలు గోడ ఎత్తు పెంచడం, గేటు మూసే వేళను ముందుకు జరపడం, కెమెరా బిగించడం. మనిషిని పెట్టకుండా గడుపుకునే ఉపాయాలివన్నీ. పార్కును నిజంగా కాపాడేది అందులో తిరిగే జనం. ఆ జనం రావాలన్నా, వచ్చినవాళ్లు ధైర్యంగా కాసేపు కూర్చోవాలన్నా, ఆ పార్కు నాది అనుకుని జీతం మీద పనిచేసే బాధ్యుడు ఒకరుండాలి. అనేక దేశాల్లో నగర పార్కుల్లో ఇలాంటి ఉద్యోగిని పార్కు రేంజర్ అంటారు. మనకు రేంజర్ అనగానే అటవీ శాఖ గుర్తుకొస్తుంది గానీ, ఇక్కడ చెబుతున్నది చేతిలో తుపాకీ, లాఠీ లేని మనిషి గురించి. పొద్దున్నే పార్కంతా ఒకసారి చుట్టి వచ్చి ఊయల గొలుసు అరిగిందా, ఓపెన్ జిమ్‌లో బోల్టు వదులైందా, దీపస్తంభం అడుగున మూత ఊడి తీగలు బయటికి వచ్చాయా, మరుగుదొడ్డిలో నీళ్లున్నాయా అని చూసి, బాగు చేయించే అధికారం ఉన్న మనిషి. రోజూ వచ్చేవాళ్లను ముఖం చూసి గుర్తుపట్టే మనిషి. మన పార్కుల్లో వాచ్‌మన్ ఉంటాడు, తోటమాలి ఉంటాడు. వాళ్లు కష్టపడరని కాదు. వెలగని దీపాన్ని వెలిగించమని ఆదేశించే హక్కు వాళ్లకు లేదు. కాంట్రాక్టర్ మారితే వాళ్లూ మారిపోతారు.

భద్రత అంటే దొంగల నుంచి, ఆకతాయిల నుంచి రక్షణ మాత్రమే అనుకోవడం మనం చేస్తున్న మొదటి పొరపాటు. 2024 సెప్టెంబరులో బెంగళూరు మల్లేశ్వరంలో ఆడుకోవడానికి వెళ్లిన ఒక బాలుడు అక్కడి ఆటస్థలం ఇనుప గేటు తన మీద కూలడంతో చనిపోయాడు. అక్కడ ఏ నేరస్థుడూ లేడు. బరువైన గేటు పట్టు తప్పుతోందన్న సంగతి ఒక్కరోజులో తెలిసేది కాదు. రోజూ దాన్ని తీసేవాళ్లకు, మూసేవాళ్లకు చేతికే తెలుస్తుంది. తెలిసినవాడు ఎవరికి చెప్పాలి, చెప్పాక ఎన్నాళ్లలో బాగుచేయాలి, చేయకపోతే ఎవర్ని నిలదీయాలి అన్నది రాసిపెట్టి ఉండాలి. అది లేనిచోట సీసీ కెమెరా ఆ పసివాడి మరణాన్ని రికార్డు చేస్తుందేమో గానీ ఆపదు.

రేంజర్ల సంగతి న్యూయార్క్ నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. 1975 నాటి ఆర్థిక సంక్షోభంతో ఆ నగరం పార్కుల సిబ్బందిని భారీగా తగ్గించుకుంది. 843 ఎకరాల సెంట్రల్ పార్కులో పచ్చిక మైదానం దుమ్ము నేలగా మారింది. కట్టడాల నిండా పిచ్చిరాతలు, పగిలిన బెంచీలు. చీకటి పడితే అటు వెళ్లాలంటే జనం భయపడేవారు. 1979లో పార్కుల కమిషనర్ గోర్డన్ డేవిస్ హయాంలో నగర పార్కు రేంజర్ల పథకం మొదలైంది. యూనిఫాం వేసుకుని పార్కుల్లో తిరగడం, వచ్చినవాళ్లకు దారి చెప్పడం, చెట్లూ పక్షుల గురించి పిల్లలకు వివరించడం, నిబంధనలు గుర్తుచేయడం, ప్రమాదం కనిపిస్తే సంబంధిత విభాగానికి తెలపడం వాళ్ల పని. మరుసటి ఏడాది సెంట్రల్ పార్కు బాగోగుల కోసం పౌరులు చేతులు కలిపి సెంట్రల్ పార్కు కన్సర్వెన్సీని స్థాపించారు. ఈ కథలో అసలు మలుపు నా దృష్టిలో 1996లో వచ్చింది. అప్పుడు పార్కును 49 జోన్లుగా విడదీసి, ఒక్కో జోన్‌కు ఒక్కో తోటమాలిని బాధ్యుడిగా పెట్టారు. అంతకుముందు ఒక బృందం గడ్డి కోసి వెళ్లేది, ఇంకో బృందం చెత్త ఎత్తేది, మరో బృందం బెంచీలు బాగుచేసేది. ఎవరి పని వారు చేసినా పార్కు మాత్రం పాడుగానే ఉండేది. కొత్త పద్ధతిలో ఆ జోన్ బాగున్నా, బాగోకపోయినా జవాబు చెప్పేది ఆ ఒక్కరే. సేవ చేస్తామని వచ్చే స్థానికులు ఆ తోటమాలి చెప్పినట్టు, ఆయన పక్కనే పనిచేస్తారు. ఉద్యోగికి స్థానికులు బదులు కారు. ఆయన ఉన్నాడు కాబట్టే వాళ్ల శ్రమ వృథా పోదు.

అదే నగరంలో బ్రయంట్ పార్కు చెప్పే పాఠం వేరు. చుట్టూ కార్యాలయాలు, పక్కనే పెద్ద గ్రంథాలయం ఉన్నా 1970లలో అది మత్తుమందులు అమ్మేవాళ్ల స్థావరమైపోయింది. విలియం వైట్ అనే సామాజిక పరిశీలకుడు అక్కడ జనం ఎలా తిరుగుతున్నారో గమనించి, తప్పు పార్కు అమరికలోనే ఉందని తేల్చాడు. పార్కు వీధి మట్టం కన్నా ఎత్తులో ఉంది. చుట్టూ ఇనుప కంచె, దానికి తోడు దట్టమైన పొదలు. లోపల ఏం జరుగుతోందో వీధిలో వెళ్లేవాడికి కనిపించదు. లోపలున్నవాడు బయటపడాలన్నా దారులు తక్కువ. 1988లో పార్కు మూసి, పొదలు తీసేసి, దారులు వెడల్పు చేసి, ఎక్కడికైనా జరుపుకోగల కుర్చీలు వేసి 1992లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు అది ఆ నగరంలో జనం కిటకిటలాడే పార్కుల్లో ఒకటి. వైట్ వాడిన కొలబద్ద చాలా తేలిక: పార్కులో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు. మగవాళ్లతో పోలిస్తే వాళ్లు మరీ తక్కువగా కనిపిస్తే ఆ పార్కులో ఏదో తేడా ఉన్నట్టే. మన దేశంలో 2013లో మొదలైన సేఫ్టీపిన్ యాప్ కూడా ఒక చోటు ఎంత భద్రమో తేల్చడానికి వెలుతురు, జనసంచారంతో పాటు అక్కడ స్త్రీలూ పిల్లలూ ఎంతమంది కనిపిస్తున్నారన్నది చూస్తుంది. మన కాలనీ పార్కుల్లో పొద్దున ఆరు గంటలకు ఒకసారి, రాత్రి ఏడున్నరకు ఒకసారి ఈ లెక్క తీస్తే పరిస్థితి అర్థమవుతుంది.

న్యూయార్క్‌లో నేరాలు తగ్గింది రేంజర్ల వల్లే, పొదలు నరకడం వల్లే అంటే నేను ఒప్పుకోను. 1990లలో ఆ నగరమంతటా నేరాలు తగ్గాయి, అందుకు కారణాలు చాలా. అందుకే ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రయోగం నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. అక్కడ పరిశోధకులు చెత్తాచెదారంతో నిండిన 541 ఖాళీ స్థలాలను చీట్లు తీసినట్టు మూడు వర్గాలుగా విడదీశారు. కొన్నింటిని శుభ్రం చేసి, గడ్డి పరిచి, కొన్ని చెట్లు నాటి, లోపలికి వెళ్లే సందు ఉండేలా పొట్టి కర్ర కంచె వేసి, నెలనెలా సంరక్షించారు. కొన్నింటిలో చెత్త తీసి, గడ్డి కోయడంతో సరిపెట్టారు. మిగిలినవాటిని అలాగే వదిలేశారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, పేదరికం ఎక్కువగా ఉన్న వాడల్లో ఆ స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గింది. బయటికి వెళ్లడానికి జంకుతున్నామని చెప్పేవాళ్లు సగానికి పైగా తగ్గారు. ఆరుబయట కూర్చుని సేదతీరేవాళ్లు, నలుగురితో కలిసేవాళ్లు పెరిగారు. దీని కోసం అదనంగా పోలీసులను దించలేదు. ఎత్తయిన గోడలు కట్టలేదు. ఈ స్థలాన్ని ఎవరో చూసుకుంటున్నారు అన్న సంగతి చూసేవాడికి కంటికి తెలిసేలా చేశారు, దాన్ని ఆపకుండా కొనసాగించారు. రెండోది లేకుండా మొదటిది నిలవదు. మన దగ్గర మొక్కలు నాటే రోజు ఉండే సందడి మూడు నెలల తర్వాత నీళ్లు పోసేటప్పుడు ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రారంభోత్సవ శిలాఫలకాలు చెక్కుచెదరకుండా ఉండి, పార్కులు మాత్రం ఎండిపోయిన ఊళ్లు చాలానే ఉన్నాయి.

ఈ మాటలకు మొదటి అభ్యంతరం ఎలాగూ వస్తుంది. ఇదంతా పోలీసుల పని కదా, హైదరాబాద్‌లో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి, వేల కెమెరాలున్నాయి, ఇంకా రేంజర్లు ఎందుకని. షీ టీమ్స్ వల్ల వేధింపులకు గురైన ఆడపిల్లలకు ఫిర్యాదు చేసే ధైర్యం వచ్చింది, అది కాదనలేం. అయితే పోలీసు అనేవాడు తప్పు జరిగినప్పుడు రావలసినవాడు. ప్రతి పార్కులో రోజంతా ఒక కానిస్టేబుల్‌ను నిలబెట్టడం సాధ్యం కాదు, మంచిదీ కాదు. గడ్డిలో ఆడుకునే పిల్లలకూ, బెంచీ మీద కూర్చున్న కాలేజీ కుర్రాళ్లకూ ఖాకీ బట్టలు చూస్తే వచ్చేది ధైర్యం కన్నా బెరుకే. కెమెరా సంగతి చెప్పాలంటే, దాడి చేసినవాణ్ణి వెతికేటప్పుడు అది పనికొస్తుంది. దాడి జరుగుతున్నప్పుడు అరుపు విని పరుగెత్తుకొచ్చేది మనిషే. ఆ మనిషి గేటు దగ్గర కొబ్బరిబొండాలు అమ్మే మహిళ కావచ్చు, మొక్కజొన్న పొత్తులు కాల్చే అతను కావచ్చు. వీధి మీద జనం చూపే వీధికి రక్ష అని అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే తన పుస్తకంలో వాదించింది. పార్కు గేటు ముందున్న తోపుడుబండ్లను అడ్డమని తరిమేసినప్పుడల్లా జీతం అడగని కాపలాదారులను మనమే పంపించేస్తున్నాం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు చోటు చూపించమంటోంది. ఆ చోటు పార్కు గేటు దగ్గరే చూపిస్తే రెండు పనులు ఒకేసారి నెరవేరతాయి.

మధ్యాహ్నం వేళ గేట్లకు తాళాలు వేయడం కూడా ఇలాంటిదే. మన కాలనీ పార్కులు చాలావరకు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే తెరుస్తారు. నడకకు వచ్చేవాళ్లకు ఆ వేళలు సరిపోతాయి. ఎండలో తిరిగి అలసిన డెలివరీ కుర్రాడికి, రెండు ఇళ్ల మధ్య గంట ఖాళీ దొరికిన పనిమనిషికి, ఆస్పత్రిలో రోగిని చూడటానికి ఊరి నుంచి వచ్చినవాళ్లకు చెట్టు నీడ కావలసింది సరిగ్గా ఆ మూసిన వేళల్లోనే. బెంగళూరు 2024లో తన పార్కులను పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా తెరిచి ఉంచాలని నిర్ణయించింది. తెరిచి ఉంచితే మందుబాబులు చేరతారని భయం. వాళ్లు చేరేది జనం లేని చోటికి. తాళం వేసిన పార్కు గోడ దూకడం వాళ్లకు కష్టం కాదు. ఆ తాళం నిజంగా ఆపేది వృద్ధులనూ స్త్రీలనూ పిల్లలనే.

నేను ఎక్కువ బరువిచ్చే అభ్యంతరం వేరొకటి ఉంది. స్థానికుల భాగస్వామ్యం అని తలుపు తెరిస్తే, ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో నిర్ణయించే పెత్తందార్లు దూరతారని. ఈ భయం ఊరికే పుట్టలేదు. 2019 ప్రేమికుల రోజున మేడ్చల్ దగ్గరి కండ్లకోయ పార్కులో కొందరు కార్యకర్తలు ఒక జంటను పట్టుకుని బలవంతంగా పెళ్లి చేసి, వీడియో తీశారు. 2021 ఆగస్టులో హైదరాబాద్ ఇందిరా పార్కు గేటుకు పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదంటూ బ్యానర్ వెలిసింది. పౌరులు గట్టిగా నిరసించాక దాన్ని తీసేశారు. ఇద్దరు పెద్దవాళ్లు బెంచీ మీద కూర్చుని మాట్లాడుకోవడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. భద్రత పేరిట ఆ జంటను తరిమేవాడు పార్కును భద్రం చేయడం లేదు, ఒకరి భద్రతను లాక్కుంటున్నాడు. అమెరికాలో ఇదే భయం జాతి రూపంలో బయటపడుతుంది. 2020 మేలో సెంట్రల్ పార్కులో పక్షులను చూడటానికి వచ్చిన ఒక నల్లజాతీయుడు, కుక్కకు గొలుసు వేయాలన్న నిబంధనను ఒక తెల్ల మహిళకు గుర్తుచేస్తే, ఆమె తనను బెదిరిస్తున్నాడంటూ పోలీసులకు ఫోన్ చేసింది. ప్రపంచమంతా చూసిన ఆ వీడియోలో నాకు కనిపించిన లోటు ఏమిటంటే, గొలుసు సంగతి చెప్పవలసిన రేంజర్ ఆ వేళకు అక్కడ లేకపోవడం. నిబంధనను అమలు చేసే పని పౌరుడి నెత్తిన పడ్డప్పుడు ఎవరి మాట చెల్లుతుందన్నది కులం, రంగు, డబ్బు నిర్ణయిస్తాయి. అందుకే ఈ అభ్యంతరం నా వాదనను బలహీనపరచడం లేదు, బలపరుస్తోంది. నిబంధనలు గేటు దగ్గర తెలుగులో రాసి ఉండాలి. వాటిని చెప్పే అధికారం శిక్షణ పొందిన ఉద్యోగికే ఉండాలి. స్థానికుల పని చూడటం, చెప్పడం, చేయూతనివ్వడం. పట్టుకోవడం, తరమడం వాళ్ల పని కానే కాదు.

స్థానికులు అంటే ఎవరన్నది కూడా తేల్చుకోవాలి. ప్రస్తుతం కాలనీ సంక్షేమ సంఘం, వాకర్స్ అసోసియేషన్ అనే అర్థమే చలామణిలో ఉంది. ఈ సంఘాలు దత్తత తీసుకుని పచ్చగా నిలబెట్టిన పార్కులు చాలా ఉన్నాయి, వాళ్ల శ్రమకు కృతజ్ఞత చెప్పాలి. కానీ చాలా సంఘాల్లో ఓటు ఉండేది సొంత ఇల్లు ఉన్నవాళ్లకు. పక్క బస్తీ పిల్లలకు ఆడుకోవడానికి ఆ పార్కు తప్ప వేరే దిక్కు లేదు, సంఘంలో మాత్రం వాళ్ల తరఫున ఒక్క గొంతూ ఉండదు. బంతి ఆటలు నిషేధం అన్న బోర్డు అలాంటి సమావేశాల్లోనే పుడుతుంది. ఆటకు చోటు పోగొట్టుకున్న పదిహేనేళ్ల పిల్లాడు ఆ పార్కును తనదిగా ఎందుకు చూసుకోవాలి? రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంటోంది. పన్నెండో షెడ్యూలు పార్కులను, ఆటస్థలాలను పట్టణ స్థానిక సంస్థల బాధ్యతల్లో చేర్చింది. జీహెచ్ఎంసీ చట్టానికి 2020 అక్టోబరులో చేసిన సవరణ వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమంది: యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు. అంటే చట్టం తలుపు తీసే ఉంది. పార్కు కమిటీలో ఈ వర్గాలతో పాటు తోపుడుబండి వ్యాపారులు, పక్క బస్తీవాళ్లు, దగ్గరి ప్రభుత్వ బడి ఉపాధ్యాయులు ఉంటే, ఒకే వర్గం పెత్తనం దానంతటదే తగ్గుతుంది.

ఇక డబ్బు. ప్రతి చిన్న పార్కుకూ ఒక రేంజర్‌ను పెట్టమనడం లేదు. దగ్గరదగ్గరగా ఉన్న నాలుగైదు కాలనీ పార్కులకు ఒకరు, కేబీఆర్ లాంటి పెద్దవాటికి లోపలి అడవినీ బయటి బాటనూ కలిపి చూసే ఒక బృందం చాలు. ఇందులో సగం మంది మహిళలు ఉండాలి. ఇప్పటికే పనిచేస్తున్న తోటమాలులకు, వాచ్‌మన్‌లకు శిక్షణ, స్థిరమైన జీతం, చిన్న మరమ్మతులకు కొంత నిధి ఇచ్చి వాళ్లనే ఈ ఉద్యోగాల్లోకి తీసుకోవచ్చు. చెట్ల పేర్లు, నీటి గొట్టాల దారులు వాళ్లకు తెలిసినంతగా కొత్తవాళ్లకు తెలియవు. తెలంగాణలో మున్సిపాలిటీలకు 2019 చట్టం, జీహెచ్ఎంసీకి పైన చెప్పిన 2020 సవరణ బడ్జెట్లో పది శాతం పచ్చదనానికి కేటాయించమంటున్నాయి. ఆ సొమ్ము మొక్కల కొనుగోలుకూ రంగుల ఫౌంటెన్లకూ మాత్రమే అని ఎక్కడా లేదు. సెంట్రల్ పార్కు తరహాలో దాతల మీద ఆధారపడటం మాత్రం మనకు వద్దు. అక్కడ కూడా సంపన్నులున్న ప్రాంతాల పార్కులు మెరిసి, పేదవాడల పార్కులు వెనకబడ్డాయన్న విమర్శ ఏళ్లుగా ఉంది. జూబ్లీహిల్స్‌కు దాతలు దొరుకుతారు, బోరబండకు దొరకరు. రేంజర్ జీతం ప్రజాధనం నుంచే రావాలి, మొదటి నియామకాలు వెలుతురు తక్కువగా, జనసాంద్రత ఎక్కువగా ఉన్న వార్డుల్లో జరగాలి. విశాఖ, విజయవాడ, వరంగల్ నగరాలు కూడా కొన్ని పార్కుల్లో ఏడాది పాటు దీన్ని అమలు చేసి, ముందూ తర్వాతా సాయంత్రం వేళ వచ్చే స్త్రీల సంఖ్య, వెలగని దీపాల సంఖ్య, మరమ్మతుకు పట్టిన రోజులు లెక్కగట్టి ప్రజల ముందు పెట్టాలి. లెక్కలు నా వాదన తప్పని చూపిస్తే మార్చుకోవచ్చు. ఇప్పుడైతే ఆ లెక్కలు తీసే నాథుడే లేడు.

ఈ వారంలో ఒక సాయంత్రం ఏడింటికి మీ పార్కుకు వెళ్లండి. ఎంతమంది ఆడవాళ్లు ఉన్నారో, ఎన్ని దీపాలు వెలగడం లేదో, ఏ ఊయల విరిగిందో ఒక కాగితం మీద రాయండి. దాన్ని మీ వార్డు కార్యాలయంలో లేదా మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ పార్కుకు బాధ్యులెవరు, వారి పేరు, ఫోన్ నంబరు గేటు మీద ఎప్పుడు రాయిస్తారు అని అడగండి. పక్కింటివాళ్లనూ, గేటు దగ్గర బండి పెట్టుకునేవాళ్లనూ వెంట తీసుకెళ్లండి. పది మంది వెళ్లి అడిగితే ఆ కాగితాన్ని పక్కన పడేయడం ఏ అధికారికీ అంత తేలిక కాదు.